ఆటోమేటిక్ 280జెడ్‌కు క్లచ్ పెట్టాలంటే: దేవరకొండ తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా సంగతి తెలియాలి. మీది దేవరకొండ. నువ్వు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నావు. 1978 నాటి డాట్సన్ 280జెడ్ కొన్నావు. అది మూడు గేర్ల ఆటోమేటిక్ బండి. దాన్ని క్లచ్, గేర్ లివర్ ఉన్న బండిగా మార్చాలనుకుంటున్నావు. డిసెంబరులో నాన్నగారు వస్తున్నారు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన ఆయన చేతిలో ఆ బండి తాళం పెట్టాలని నీ కోరిక. అక్కడి గ్యారేజీలో ఒకరు "ఒక గేర్ బాక్స్ తెచ్చుకో, మిగతాది చూసుకుంటాం" అన్నారు. అది సరిపోతుందా అని అడిగావు.

సరిపోదు. ఈ పని మొత్తంలో గేర్ బాక్స్ చాలా తేలికైన భాగం. దాని చుట్టూ ఉండే చిన్న సామాను ఒక్కటి తేడా వచ్చినా బిగించినదంతా మళ్లీ దించాలి. నేను సూర్యాపేట బైపాస్ దగ్గర లారీల షెడ్డులో పని నేర్చుకున్నాను. తర్వాత షార్జాలో పదకొండేళ్లు, హ్యూస్టన్‌లో పద్నాలుగేళ్లు పాత జపాన్ బండ్ల మీదే చేశాను. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చిన డాట్సన్ బండ్లు నా చేతి మీదుగా తొమ్మిది వెళ్లాయి. వాటిలో రెండింటిని చెడగొట్టి మళ్లీ బాగుచేశాను. ఆ రెండు నేర్పినంత మిగతా ఏడు నేర్పలేదు.

ముందు ఒక విషయం తేల్చుకో. రెండో గేరు ఆలస్యంగా పడుతోందని రాశావు. కోపమంతా దాని మీదే అయితే గేర్ బాక్స్ మార్చాల్సిన అవసరం లేదు. ఆ ఆటోమేటిక్ బాక్స్ పక్కన ఒక వాక్యూమ్ డబ్బా ఉంటుంది, లోపల పలుచని పొర ఉంటుంది. ఇంజిన్ మీద ఎంత బరువు పడుతోందో బాక్స్‌కు తెలిపేది అదే. నలభై ఏళ్లు దాటిన బండిలో ఆ పొర చిరిగి ఉండటం, దాని రబ్బరు గొట్టం పగిలి ఉండటం మామూలు. గొట్టం ఊడదీసి చూడు. లోపల ఎర్రటి నూనె తడి కనిపిస్తే పొర చిరిగినట్టే. ఆ డబ్బా మారిస్తే బాక్స్ కుదురుకోవచ్చు. అలా కుదురుకున్నా ఎడమకాలికి పని లేదన్న వెలితి తీరకపోతే, అప్పుడు మార్చు. నీ ఉత్తరంలో నాకు కనిపించింది ఆ వెలితే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మార్చడం వల్ల లాభం ఉందా అంటే, ఈ బండి విషయంలో ఉంది. 2,753 సీసీల ఆరు సిలిండర్ల ఆ ఇంజిన్ పైకి లాగే కొద్దీ హుషారెక్కుతుంది. ఆటోమేటిక్‌లో మొదటి గేరు నిష్పత్తి (బాక్స్ బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలంటే ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) 2.458, రెండోది 1.458, మూడోది నేరుగా 1. అంటే ఇంజిన్ ఊపందుకునే చోట గేర్ల మధ్య పెద్ద ఖాళీలున్నాయి. ఐదు గేర్ల బాక్స్‌లో ఆ ఖాళీలు పూడతాయి, పైన ఓవర్‌డ్రైవ్ గేరు (అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరిగితే చాలే గేరు) ఒకటి అదనంగా వస్తుంది. నీ డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నిష్పత్తి 3.54 అనుకుని, అసలు సైజు టైర్లతో లెక్క వేశాను. గంటకు 70 మైళ్ల వేగంలో నేరు గేరులో ఇంజిన్ నిమిషానికి దాదాపు 3,370 చుట్లు తిరుగుతుంది. ఐదో గేరు 0.864 ఉన్న బాక్స్ అయితే 2,900, 0.745 ఉన్న బాక్స్ అయితే 2,500 చుట్లు చాలు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా ఆ రోడ్డు మీద ఈ తేడా చెవికే తెలుస్తుంది.

ఇంకో లాభం నాన్నగారికి చెప్పక్కర్లేదు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లి, దోమలపెంట దగ్గర నుంచి శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాట్ రోడ్డులో నిండు బస్సును బ్రేకుల మీద వదిలేసే డ్రైవరు ఉండడు. గేరు తగ్గించి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచుతాడు. ఆటోమేటిక్‌లో కూడా లివర్‌ను కింది అంకెకు లాగితే కొంత పట్టు దొరుకుతుంది. కానీ మలుపుకు ముందే ఏ గేరు కావాలో మనసులో అనుకుని, కాలూ చెయ్యీ కలిపి ఆ గేరులో పడేయడంలో ఉన్న తృప్తి అందులో ఉండదు.

సరే, సామాను సంగతికి వద్దాం. నా మాట ఒక్కటే పట్టుకోవాలంటే ఇది పట్టుకో: ఒకే బండి నుంచి మొత్తం సెట్టు కొను. తుక్కుకు వెళ్తున్న మాన్యువల్ 280జెడ్ దొరికే దాకా ఆగు. ఒకచోట గేర్ బాక్స్, మరోచోట పెడళ్లు, ఇంకోచోట క్లచ్ అంటూ విడివిడిగా కొంటే చవకే అనిపిస్తుంది, బిగించేటప్పుడు ఆ చవక అంతా తేలిపోతుంది. షార్జాలో పాత విడిభాగాల దుకాణాల వరుసల్లో రోజుల తరబడి తిరిగి కొన్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బాక్స్ ఏది? అమెరికాలో అమ్మిన 280జెడ్‌కు ఐదు గేర్ల బాక్స్ 1977 మోడల్ నుంచి వచ్చింది. అదే కుటుంబానికి చెందిన బాక్స్ తర్వాత వచ్చిన 280జెడ్ఎక్స్‌లో కూడా ఉంది. 1981 నుంచి వచ్చిన జెడ్ఎక్స్ బాక్స్‌లో గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, 0.745 ఐదో గేరు అందులోదే. నాకు ఇష్టమైనది అదే. అయితే దాని లివర్ వంపు వేరు, నీ కన్సోల్ అంచుకు తగలొచ్చు. 280జెడ్ లివర్ కూడా సంపాదించి పెట్టుకో. టర్బో జెడ్ఎక్స్ నుంచి తీసిన మాన్యువల్ బాక్స్ మాత్రం కొనకు. 1982, 1983 టర్బో బండ్లలో పెట్టింది బోర్గ్‌వార్నర్ అనే అమెరికా కంపెనీ టీ5 బాక్స్, పూర్తిగా వేరే జాతి. దాన్ని నీ బండిలో కూర్చోబెట్టవచ్చు, కానీ అది ఇంకో పెద్ద పని. అలాగే ఈ బాక్స్‌లలో ఇంజిన్‌కు అంటుకునే గంట ఆకారపు హౌసింగ్ విడిగా ఊడిరాదు, బాక్స్ ముందు భాగంతో కలిపే పోత పోశారు. కాబట్టి వేరే ఇంజిన్ పెట్టిన నిస్సాన్ (డాట్సన్ బండ్లు చేసిన కంపెనీ) బండి బాక్స్ పేరు దగ్గరగా ఉందని కొంటే నీ ఇంజిన్‌కు బోల్టులు కలవకపోవచ్చు.

బాక్స్‌తో పాటు రావాల్సినవి: క్లచ్ పెడల్, బ్రేక్ పెడల్ కలిసిన పెడల్ బాక్స్, పెడల్ తొక్కుడును నూనె ఒత్తిడిగా మార్చే క్లచ్ మాస్టర్ సిలిండర్, ఆ ఒత్తిడితో క్లచ్‌ను కదిపే కింది స్లేవ్ సిలిండర్, రెండింటి మధ్య గొట్టాలు, వాటిని పట్టి ఉంచే క్లిప్పులు, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం), దాని బోల్టులు, రిలీజ్ ఫోర్కు (క్లచ్‌ను వదిలించే మీట), దాని బూటు, క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్ ఎక్కే కాలరు, బాక్స్‌ను కింద మోసే అడ్డపట్టీ, దాని రబ్బరు, బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, స్పీడోమీటర్ కేబుల్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం, స్టార్టర్ మోటారు, ఇంజిన్‌కూ బాక్స్‌కూ మధ్య ఉండే రేకు. అమ్మేవాడు "ఇవన్నీ ఎందుకు" అన్నా వదలకు. ఫ్లైవీల్ బోల్టుల సంగతి చాలామంది మరచిపోతారు. ఆటోమేటిక్‌లో ఇంజిన్ వెనక పలుచని రేకు చక్రం ఉంటుంది, దాని బోల్టులు పొట్టివి. మందమైన ఫ్లైవీల్‌కు అవి వాడితే మరలో తగినంత పట్టు దొరకదు. ఆ చక్రం వేగంగా తిరుగుతుండగా ఊడితే నీ కాళ్ల పక్కనే పేలినట్టు అవుతుంది. సర్వీసు పుస్తకంలో ఉన్న బిగువుకు టార్క్ పానాతోనే బిగించు, చేతి అంచనాతో వద్దు.

ఇప్పుడు నేను చెడగొట్టిన రెండు బండ్ల గురించి చెబుతాను.

మొదటిది షార్జాలో. క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక కొసలో ఒక గుంట ఉంటుంది. మాన్యువల్ బండిలో ఆ గుంటలో కంచు బుష్ ఉంటుంది, గేర్ బాక్స్ ముందు షాఫ్ట్ కొస అందులో ఆనుకుని తిరుగుతుంది. మనవాళ్లు పైలట్ బుష్ అంటారు. ఆటోమేటిక్ ఇంజిన్‌లో దాని స్థానంలో టార్క్ కన్వర్టర్‌కు (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు నూనెతో శక్తి అందించే భాగం) తగిన వేరే ముక్క ఉంటుంది. తొందరలో నేను అది చూడలేదు. బాక్స్ ముందుకు పూర్తిగా వెళ్లడం లేదు, అరంగుళం దగ్గర ఆగిపోయింది. బోల్టులు బిగిస్తే అదే లోపలికి వస్తుందనుకుని బిగించాను. హౌసింగ్ చెవి ఒకటి విరిగింది. యజమాని నన్ను ఒక్క మాటా అనలేదు, ఆ మౌనమే ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి, బాక్స్ చేతితో తోస్తే ఇంజిన్‌కు ఆనుకోవాలి. బోల్టులతో లాగితే కానీ రాకపోతే ఎక్కడో తప్పుందని అర్థం, అక్కడే ఆగు.

ఆ పాత ముక్క తీసే పద్ధతి సూర్యాపేట షెడ్డులో మా మేస్త్రీ నేర్పినదే, ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. గుంట నిండా గ్రీసు కూరు. రంధ్రానికి బిర్రుగా సరిపోయే ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టు. గ్రీసుకు పోయే దారి లేక వెనక నుంచి ముక్కను బయటికి నెడుతుంది. ఒకసారికి రాకపోతే మళ్లీ గ్రీసు కూరి కొట్టు. కొత్త కంచు బుష్‌ను ముందురోజు రాత్రి ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, దాని అంచుకు సరిపోయే సాకెట్ ఆనించి నిటారుగా దించు. సుత్తి నేరుగా కంచుకు తగలకూడదు.

రెండో బండి హ్యూస్టన్‌లో. ఇది ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే ఈ తప్పు కంటికి కనిపించదు. 280జెడ్ రెండు సీట్ల బండికి 225 మిల్లీమీటర్ల క్లచ్, వెనక సీట్లున్న 2+2 బండికి, టర్బోకు 240 మిల్లీమీటర్ల క్లచ్. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కి పట్టేది ప్రెషర్ ప్లేటు, ఒక్కోదాని ఎత్తు ఒక్కోలా ఉంటుంది. ఆ ఎత్తుకు తగ్గట్టు రిలీజ్ బేరింగ్ కాలరు పొడవు కూడా మారుతుంది. మా దగ్గరికి వచ్చిన బండి యజమాని కొత్త ప్రెషర్ ప్లేటు ఒక రకానిది కొన్నాడు, బాక్స్‌తో వచ్చిన కాలరు మరో రకానిది. అంతా బిగించాక పెడల్ నేల దాకా తొక్కినా క్లచ్ వదలదు. హైడ్రాలిక్‌లో గాలి ఉందనుకుని రెండు రోజులు గాలి తీశాం. మాస్టర్ సిలిండర్ మార్చాం. చివరికి బాక్స్ దించి చూస్తే కాలరు పొట్టిది. అది బేరింగ్‌ను ప్రెషర్ ప్లేటు మధ్యలోని స్ప్రింగు వేళ్ల దాకా చేర్చలేకపోతోంది. పొడవు కాలరు పడితే దీనికి వ్యతిరేకం, పెడల్ వదిలినా క్లచ్ పూర్తిగా పట్టదు, ప్లేటు కాలిపోతుంది. అందుకే ప్రెషర్ ప్లేటు ఏ బండికి చెందినదో కాలరు కూడా ఆ బండిదే కావాలి. పాత క్లచ్ పారేయకుండా తెచ్చుకో. కొత్తదాని పక్కన పెట్టి ఎత్తు కొలువు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ గురించి అంతగా భయపడకు, కొలత మాత్రం తీసుకో. బాక్స్ బిగించాక షాఫ్ట్ ముందు కొస బాక్స్‌లోకి దూరాలి, అయినా అడుగుకు తగలకూడదు. వెనక బోల్టులు బిగించిన స్థితిలో ఇంకా దాదాపు ఒక అంగుళం లోపలికి జరిగే చోటు మిగలాలి. చోటు లేకపోతే, లేదా షాఫ్ట్ మరీ బయటికి వచ్చి ఉంటే, పొడవు మార్పించి, తిరిగేటప్పుడు అదరకుండా బ్యాలెన్స్ చేయించాలి. ఇంటి దగ్గర కోసి అతికించే పని కాదది.

వైరింగ్‌లో మూడు విషయాలున్నాయి. ఆటోమేటిక్ బండి లివర్ పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ అవుతుంది. ఆ స్విచ్ తీసేశాక చాలామంది రెండు వైర్లు కలిపేసి ఊరుకుంటారు. అలా చేస్తే గేరులో ఉన్నా తాళం తిప్పగానే బండి ముందుకు దూకుతుంది. నాన్నగారికి బండి ఇవ్వాలనుకుంటున్నావు, వాకిట్లో పిల్లలు ఉంటారు. ఆ వైర్లను క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్‌కు తెచ్చి, క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా కలుపు. ఒక పూట పని. రెండోది వెనక తెల్లలైట్లు. మాన్యువల్ బాక్స్ మీదే వాటికి స్విచ్ ఉంటుంది, పాత వైర్లను అక్కడికి పొడిగించు. మూడోది యాక్సిలరేటర్ దగ్గర, గట్టిగా తొక్కినప్పుడు గేరు తగ్గించమని చెప్పే స్విచ్. దాని వైరు చివర టేపు చుట్టి కట్టేయి.

వాక్యూమ్ గొట్టం సంగతి మరచిపోవద్దు. ఆటోమేటిక్ బాక్స్‌కు వెళ్లిన ఆ గొట్టం ఇంజిన్ మానిఫోల్డ్ నుంచి వస్తుంది. బాక్స్ పోయాక ఆ రంధ్రం మూయాలి. నీ బండిలో పెట్రోలు ఎంత చిమ్మాలో లోపలికి వచ్చే గాలిని కొలిచి నిర్ణయిస్తారు. కొలిచే రెక్కను దాటి దొంగదారిలో గాలి వస్తే లెక్క తప్పుతుంది, ఇంజిన్ నిలకడగా ఆడదు. కొత్త బాక్స్‌లో ఏదో తప్పుందని అనుమానించి జనం వారాలు పోగొట్టుకోవడం చూశాను. తప్పు ఒక రబ్బరు మూత లేకపోవడం. రేడియేటర్ కింది ట్యాంకులో ఆటోమేటిక్ ఆయిల్ చల్లబరిచే రెండు మూతులను కూడా మరమూతలతో మూసెయ్యి.

బండి అడుగున ఒక్కడివే దూరవద్దు. ఆటోమేటిక్ బాక్స్, దానిలోని కన్వర్టర్, నూనె కలిసి చేతుల మీద ఆగే బరువు కాదు. గేర్ బాక్స్ జాకీ అద్దెకు తెచ్చుకో, నాలుగు స్టాండ్ల మీద బండిని నిలబెట్టు. జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టకు. మా షెడ్డులో ఒక కుర్రాడికి జాకీ జారి చెయ్యి పోయింది. ఆ రోజు నుంచి మా మేస్త్రీ చెక్క దిమ్మెలు పెట్టకుండా ఎవరినీ లారీ కిందికి పోనివ్వలేదు.

బాక్స్ కింద ఉన్నప్పుడే చేయాల్సిన పనులు చేసెయ్యి. క్రాంక్ వెనక ఆయిల్ సీలు, గేర్ బాక్స్ ముందు, వెనక సీళ్లు మార్చు. ఇప్పుడు చవక, తర్వాత అయితే మళ్లీ అంతా దించాలి. ఫ్లైవీల్‌ను లేత్ మీద పలుచగా చెక్కించు, వేడికి పడిన నీలం మచ్చలు పోవాలి. క్లచ్ ప్లేటు మధ్యలో నిలబెట్టడానికి కిట్‌లో ప్లాస్టిక్ కడ్డీ ఇస్తారు. అది లేకపోతే అలాంటి పాత మాన్యువల్ బాక్స్ ముందు షాఫ్ట్ వాడు. బాక్స్‌లో జీఎల్-4 రకం గేర్ ఆయిల్ మాత్రమే పొయ్యి. ఈ బాక్స్‌లో గేర్లను కలిపే రింగులు ఇత్తడివి. డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5 లోని రసాయనాలు వాటికి పడవు. పాత నూనె దించకముందే, నూనె పోసే పై మరమూత ఊడుతుందో లేదో చూసుకో. కింది మూత విప్పి నూనె అంతా దించాక పై మూత రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది.

ఇక గ్యారేజీకి ఇవ్వాలా, ఇంటి దగ్గర చేసుకోవాలా అన్నది. పెడళ్లు, వైరింగ్, గొట్టాలు నువ్వు చేసుకోగలవు. డాష్‌బోర్డు కింద తల కిందులుగా పడుకోవాలి, ఓపిక చాలు. బాక్స్ దించడం, ఎక్కించడం లిఫ్టు ఉన్న చోట చేయించు. కానీ సామాను నువ్వు కొని, నువ్వు కొలిచి, డబ్బాలో వరుసగా పెట్టి ఇవ్వు. "మిగతాది చూసుకుంటాం" అన్న మాటకు బండి అప్పగించవద్దు. కాలరు కొలత అడిగితే వాళ్లు ఏం చెబుతారో విను, పని తెలిసినవాళ్లో కాదో ఆ జవాబులోనే తెలుస్తుంది. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు, ఆ గొడవ నీకు తప్పింది. వేరే రాష్ట్రానికి మారే ఆలోచన ఉంటే అక్కడి నిబంధన ముందే కనుక్కో. బీమా వాళ్లకు మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పు, నాన్నగారు నడపడానికి ఆ బీమా వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే అడుగు.

దించిన ఆటోమేటిక్ బాక్స్, కన్వర్టర్, పాత షాఫ్ట్, వెడల్పాటి బ్రేక్ పెడల్, ఏదీ అమ్మకు, పారేయకు. గుడ్డలో చుట్టి, చీటీ రాసి అటక మీద పెట్టు. రేపు నీ తర్వాత కొనేవాడు బండిని మొదటి రూపంలో చూడాలనుకుంటే ఆ అవకాశం ఉండాలి. ఇలాంటి బండ్లు మళ్లీ తయారు కావు.

డిసెంబరు గడువు పెట్టుకుని పని చేయవద్దు. సెట్టు దొరకకపోతే నాన్నగారు వచ్చాక ఇద్దరూ కలిసి వెతకండి, కలిసి బిగించండి. బస్సు డ్రైవరుకు క్లచ్ రోగం శబ్దంతోనే తెలుస్తుంది, ఆ చెవి నీ పక్కన ఉండటం మేలు. బండి సిద్ధమయ్యాక మొదటి ఐదు వందల మైళ్లు ఊళ్లోనే నెమ్మదిగా నడపండి, కొత్త క్లచ్ ఫ్లైవీల్‌తో సర్దుకోవాలి. తర్వాత అడ్డపట్టీ బోల్టులు, షాఫ్ట్ బోల్టులు ఒకసారి మళ్లీ బిగించు.

నాన్నగారికి ఇచ్చేముందు ఖాళీ మైదానం చూసుకో. ఆయన జీవితమంతా ఎడమచేత్తో గేరు వేశారు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, లివర్ కుడిచేతికి వస్తుంది. క్లచ్ మాత్రం ఎడమకాలి కిందే ఉంటుంది. మన దగ్గర డ్రైవరుకు దూరంగా ఉండే మొదటి గేరు అక్కడ తొడ పక్కకు వస్తుంది, ఐదో గేరు దూరంగా వెళ్తుంది. ముందు ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, ఒక అరగంట ఊరికే గేర్లు మార్చనివ్వు. ఆ తర్వాత తాళం ఆయన చేతికిచ్చి, నువ్వు పక్క సీట్లో కూర్చో.

పెడల్ బాక్స్, కాలరు దొరకగానే స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీసి పంపు. డబ్బు ఇవ్వకముందే పంపు, చూసి చెబుతాను.